కుప్పమ్మ ముడి

ఏటిగడ్డపల్లెలో ముడి జారితే ఎవరూ తాడును తిట్టరు, కుప్పమ్మను తిడతారు. పందిరి గుంజకు కట్టిన తాడు ఊడినా, మేక మెడలో పలుపు జారినా, పీటల మీద పెండ్లికొడుకు పంచె వదులైనా "కుప్పమ్మ ముడి ఏసినావా ఏందిరా" అంటారు. అనేవాళ్లలో సగం మంది ఆమెను చూసినవాళ్లు కూడా కారు. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. నలభై ఏళ్ల మంత్రసానితనంలో మూడు వందల మంది పిలకాయలను ఆ తల్లి భూమ్మీదికి దించింది. ఊరు గుర్తు పెట్టుకున్నది మాత్రం జారిపోయిన ఒక్క ముడిని.

ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె మొగుడు కొండప్ప లేచిపోయి కట్టెలు కొట్టేవాడు. ఇంట్లో ఉండేది ఒక్క మనిషి, ఒక్క పొయ్యి. కట్టెలు చూస్తే చూరు దాకా పేర్చి ఉండేవి. ఎనభై ఏళ్లవాడికి ఇన్ని కట్టెలెందుకని ఎవరన్నా అడిగితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అవునంటే "ఊ" అనేవాడు. కాదంటే అది కూడా అనేవాడు కాదు.

ముడి సంగతి ఇది. యాభై రెండేళ్ల కిందట పెద్దింటి ధనకోటమ్మకు నొప్పులొస్తే ఏటికి అవతల ఉన్న ఆసుపత్రికి కొండప్ప ఎద్దులబండిలో బయలుదేరారు. కాన్పు చూసే మనిషిగా కుప్పమ్మ వెంట వెళ్లింది. నడి ఏట్లో చక్రం ఇసకలో దిగబడింది. పైన వాన. లోపలి పిలకాయలు ఆసుపత్రి దాకా ఆగలేదు. ఇద్దరు కవలలు, ఇద్దరూ మగపిల్లలే. మొదట వచ్చినవాడి ఎడమకాలికి కుప్పమ్మ గుర్తుగా నల్లదారం కట్టింది. ఇల్లు చేరి గుడ్డ విప్పి చూస్తే ఇద్దరి కాళ్లూ బోడిగా ఉన్నాయి. అచ్చు గుద్దినట్టు ఒకే పోలిక. ఎవడు ముందో ఎవడు వెనకో బ్రహ్మకు కూడా తెలియదు.

దారం ఎట్లా ఊడిందో తెలిసిన ప్రాణి ఆ ఊళ్లో ఒక్కటే ఉంది. అది కొండప్ప. ఆ సంగతి బయటపడకుండా నేలలోకి పోవాలన్నదే అతని కోరిక.

ఇన్నాళ్లూ ఊరికి దానితో పని పడలేదు. గంగమ్మ జాతరలో మొదటి సారె తట్ట పెద్దింటివాళ్లది. ధనకోటమ్మ మొగుడు నాయుడు బతికున్నన్నాళ్లూ తట్ట ఆయన నెత్తినే ఎక్కింది. మొన్న మాఘంలో ఆయన కన్నుమూశాడు. ధనకోటమ్మ అంతకు ముందే పోయింది. ఇక తట్ట ఎత్తాల్సింది పెద్దకొడుకు. ఆ కవలలు చెంగల్రాయులు, మునిరత్నం ఎవరికి వారు తానే పెద్ద అన్నారు. మొదటి సారె అందకపోతే ఊళ్లో ఎవరింటా పొంగలి పొయ్యి వెలిగించకూడదు. జాతర రెండుసార్లు వాయిదా పడింది. ముసలమ్మలు ఆకాశం వైపు చూసి లెంపలు వేసుకోవడం మొదలుపెట్టారు.

చివరికి మునిరత్నం పట్నం వెళ్లి డాక్టరు యశోధరను తీసుకొచ్చాడు. ఆమె రోగాలు చూసే డాక్టరు కాదు. జ్ఞాపకాలు చూసే డాక్టరు. ఒక వ్యాను, వ్యానులో ఒక యంత్రం, దానికి జల్లెడ బోర్లించినట్టు ఒక టోపీ. ఆ టోపీ తలకు పెట్టుకుని పాత సంగతి తలుచుకుంటే, తలుచుకున్నది తెర మీద బొమ్మగా, పెట్టెలోంచి శబ్దంగా వస్తుంది.

వేసవి సెలవులు గనక బడి ఖాళీగా ఉంది. యంత్రాన్ని అక్కడ దించారు. డాక్టరు అన్నదమ్ములిద్దరినీ కూర్చోబెట్టి అడిగింది.

"మీలో ముందు పుట్టింది నేనే అని ఎవరంటున్నారు?"

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చెయ్యి చూపించారు.

"వీడే ముందు పుట్టింది" అన్నాడు చెంగల్రాయులు.

"అబద్ధం. వాడే" అన్నాడు మునిరత్నం.

డాక్టరుకు అర్థం కాలేదు. "ముందు పుట్టినవాళ్లే కదండీ పెద్ద?"

"అదెట్టమ్మా" అన్నాడు చెంగల్రాయులు ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "జాడీలో నిమ్మకాయలు ఏస్తాము. మొదట ఏసింది యాడుంటాది? అడుగున. బయటికి ఎప్పుడొస్తాది? ఆఖర్న. కడుపు గూడా అంతే గదా. ఎనక పుట్టినోడే పెద్దోడు."

డాక్టరు ఏదో చెప్పబోయి, కిటికీల్లోంచి చూస్తున్న ఊరి మొహాలన్నీ ఆ మాటకు తలాడించడం చూసి మానుకుంది. కిటికీ దగ్గర కొండప్ప కూడా ఉన్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. రాకుండా ఉండలేకపోయాడు.

మొదటి సాక్షి నాగరత్నమ్మ. చనిపోయిన నాయుడికి చెల్లెలు, కవలలకు మేనత్త. డెబ్బై ఏళ్లుంటాయి. బండిలో కాన్పు కథను యాభై రెండేళ్లుగా పెండ్లిళ్లలో, తద్దినాల్లో, బస్సుల్లో చెబుతూ వచ్చింది ఆమే. ఏ మేనల్లుడి ఇంట భోంచేస్తే వాడు వెనక పుట్టేవాడు.

"మామూలుగా జ్ఞాపకం లేవాలంటే వాసనో చప్పుడో ఏదో ఒక కొస అందించాలి" అంటూ డాక్టరు ఆమె నెత్తికి టోపీ సర్ది, "అమ్మా, ఆ రోజు" అన్నది. అంతే. తెర వెలిగిపోయింది.

బండి వచ్చింది. చక్రాలకు రబ్బరు టైర్లు ఉన్నాయి. బండి నడుమ నాగరత్నమ్మ ఆకుపచ్చ పట్టుచీరలో కూర్చుని, ఎట్లా చేయాలో కుప్పమ్మకు చెబుతోంది. కుండపోత వాన. పట్టుచీర మీద మాత్రం ఒక్క చుక్క లేదు. పక్కన ఎవరో సెల్‌ఫోను ఎత్తి ఫోటో తీస్తున్నారు. రెండో బిడ్డ బయటికి వచ్చాడు. వాడికి అప్పటికే మునిరత్నం మీసం ఉంది. నాగరత్నమ్మ ముందురోజు నుంచి మునిరత్నం ఇంట్లోనే భోంచేస్తోంది.

"చూసినావా" అన్నాడు మునిరత్నం అన్నవైపో తమ్ముడివైపో తిరిగి.

డాక్టరు నిదానంగా అడిగింది. "అమ్మా, ఆ ఆకుపచ్చ చీర ఆవిడ ఎవరు?"

"నేనే గదమ్మా."

"మీ కళ్లతో మీరు చూస్తే మీకు మీరు ఎలా కనబడతారు?"

నాగరత్నమ్మ కాసేపు ఆలోచించింది. "అద్దముండిందేమో."

"అత్తా, ఆ పొద్దు నువ్వు ఊళ్లోనే లేవంట" అన్నాడు చెంగల్రాయులు. "కాళాస్తిరిలో ఉండావని మా నాయన చెప్పె."

"నేను యాడుంటే ఏందిరా. నా మనసంతా ఈడనే ఉన్నింది."

ఊరు గొల్లున నవ్వింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఆవిడ అబద్ధం చెప్పడం లేదు" అన్నది. చెవి లోపలివైపు, మెదడు అడుగున, చింతకాయలా వంపు తిరిగిన ముక్క ఒకటి ఉందట. అది పోస్టుమాన్ లాంటిదట. చూసినవి ఒక వీధిలో ఉంటాయి, విన్నవి ఒక వీధిలో, వాసనలు మరో వీధిలో. మనం తలుచుకున్నప్పుడల్లా అది పరుగెత్తి ఆ తలుపులన్నీ తట్టి అందరినీ ఒకచోట చేరుస్తుంది. తలుపు తీయనివాళ్ల బదులు పక్కింటివాళ్లను పిలుచుకొస్తుంది. అట్లా చేరిన జ్ఞాపకం ఆరు గంటల పాటు పచ్చికుండ. ఆ లోగా ఏ వేలు తగిలినా ఆ వేలి గుర్తు పడుతుంది. తర్వాత ఆ గుర్తుతోనే ఆరుతుంది.

"ఈవిడ ఈ కుండను వేలసార్లు చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు దీన్లో ఆ రోజు మిగిలింది వాన ఒక్కటే. ఆ బండిలో నోరు విప్పని మనిషి ఇంకెవరైనా ఉన్నారా?"

ఊరంతా కిటికీ వైపు తిరిగింది. అక్కడ కొండప్ప లేడు. కాసేపటికి ఊరి చివర గొడ్డలి చప్పుడు వినబడింది.

డాక్టరు ఆ చప్పుడును పట్టుకుని కొండప్ప ఇంటికి వెళ్లింది. అతను గొడ్డలి దించలేదు.

"తాతా, ఆ రోజు సంగతి ఎవరికైనా చెప్పారా?"

మొద్దు రెండు చెక్కలయింది.

"మీలో మీరు తలుచుకుంటారా?"

"రానీను" అన్నాడు. అంతవరకు వస్తే కట్టెల దగ్గరికి పోతానని చేత్తో చూపించాడు.

డాక్టరు చూరు దాకా పేర్చిన కట్టెలను చూసింది. ఆమె కళ్లు మెరిశాయి. నాలుగేళ్లుగా ఆమె వెతుకుతున్నది ఇట్లాంటి మనిషినే. ఎన్నడూ పొయ్యి దగ్గరికి తేని పాలు, గరిటె తగలని పాలు.

"మీ తలలో ఆ రోజు ఆ రోజులాగే ఉండి ఉంటుంది తాతా. మీ ఆవిడ గొంతు కూడా. ఒక్కసారే అలా తీయగలం. తీశాక అది కూడా అందరి జ్ఞాపకాల లాంటిదే అయిపోతుంది. ఆ మాట ముందే చెబుతున్నాను."

"వొద్దు" అన్నాడు కొండప్ప. ఆమె వెళ్లిపోయాక గడ్డపారతో కొట్టినా పగలని చింతమొద్దు ఒకటి వెతుక్కున్నాడు.

మూడో రోజు పొద్దున గంగమ్మ గుడి ముందు పందిరి లేపుతున్నారు. జాతర ఎప్పుడో తెలియకపోయినా పందిరి పడాలి కదా. కొండప్ప వెదురుబొంగులు అందిస్తున్నాడు. పట్నం నుంచి పందిరి పనికి వచ్చిన కుర్రాడొకడు, ఈ ఊరివాడు కాడు, ఈ ఊరి నీళ్లు తాగి రెండు రోజులు కూడా కాలేదు, పైన తాడు జారగానే అది కట్టినవాడిని చూసి నవ్వాడు.

"కుప్పమ్మ ముడి ఏసినావా అన్నా?"

కొండప్ప చేతిలో బొంగు అట్లాగే ఆగింది. పై ఊరి మనుషుల నోటికి కూడా ఎక్కిందన్న మాట. ఇక ఇది తనతో పాటు నేలలోకి పోయేది కాదు. తను పోతాడు, మాట ఉంటుంది. బొంగు కింద పెట్టి బడికి నడిచాడు.

"ఎక్కించు" అన్నాడు టోపీ చూపించి.

"మీరే నోటితో చెప్పొచ్చు కదా తాతా. జ్ఞాపకం చెడకుండా ఉంటుంది" అంది డాక్టరు. ఆ పిల్లలో ఉన్న మంచితనం అది.

"నమ్మరు. పెండ్లాన్ని ఎనకేసుకొస్తా ఉండాడంటారు."

కొండప్పకు జ్ఞాపకపు కొస అందించడం అంత తేలిక కాలేదు. డాక్టరు "ఆ రోజు" అని పదిసార్లన్నది. తెర నల్లగానే ఉంది. వాన చప్పుడు వినిపించారు. ఇరుసుకు పూసే కందెన తెచ్చి ముక్కు దగ్గర పెట్టారు. బూడిదరంగు ఒకటి కదిలి ఆగింది. అప్పుడు చెంగల్రాయులు "ఎద్దు కావల్లమ్మా" అన్నాడు. ట్రాక్టర్లు వచ్చాక ఊళ్లో ఎద్దు లేదు. మూడు మైళ్ల అవతల నుంచి ఒకదాన్ని మినీలారీలో తెచ్చారు. ఐదో తరగతి గదిలోకి నడిపి, మీద రెండు బిందెల నీళ్లు పోసి, వెనకభాగం కొండప్ప మొహానికి ఎదురుగా వచ్చేట్టు నిలబెట్టారు. అది ఒకసారి తోక విదిలించింది. కొండప్ప కళ్లు మూశాడు. తెర వెలిగింది.

తెర మీద రెండు ఎద్దు తోకలు.

వాన నీళ్లు కారుతున్న రెండు తోకలు. ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. ఎంతసేపు చూసినా తోకలే.

"ఇంతేనా?" అన్నాడు మునిరత్నం. "మామా, ఒక్కసారి ఎనక్కి తిరక్కూడదా?"

"ఆడోళ్ల కాన్పురా. బండి తోలేటోడు ఎనక్కి తిరిగి చూస్తాడా" అని ఒక ముసలమ్మ కసిరింది.

అప్పుడు పెట్టెలోంచి గొంతు వచ్చింది. పాతికేళ్ల ఆడమనిషి గొంతు.

"ముందర చూడు. తోకలు లెక్కబెట్టుకో. ఎనక్కి తిరిగినావో, కన్ను పెరుకుతా."

ఆ గొంతుగల మనిషి చేతుల్లో పుట్టినవాళ్లు ఆ గదిలో ముప్పై మంది దాకా ఉన్నారు. నవ్వబోయి ఎవరూ నవ్వలేదు. కొండప్ప మూసిన కళ్ల మీద రెప్పలు అదిరాయి.

బిడ్డ ఏడుపు. "మొగపిల్లోడు. దారం కట్టేసినా. చెయ్యి ఎనక్కి పెట్టు, అందుకో. లోపల ఇంకోడుండాడు."

తోకలు పక్కకు జరిగాయి. కండువాలో చుట్టిన బిడ్డ వచ్చి ఒళ్లో పడ్డాడు. చూపు బిడ్డ కాలి మీదికి దిగింది. నల్లదారం చీమ దూరే సందు లేకుండా కట్టి ఉంది. చిట్టి పాదం నేరేడుపండు రంగుకు తిరుగుతోంది. రెండు మొరటు వేళ్లు ముడి కోసం తడుముకున్నాయి. రాలేదు. గోటితో లాగాయి. రాలేదు. పాదం పెద్దదై తెరంతా నిండింది. పండ్లతో కొరుకుతున్నాడన్న మాట. మూడోసారికి దారం తెగకుండా ముడి విడిపోయింది. పాదం మెల్లగా ఎర్రబడింది.

"ఇదో, రెండోది. పట్టుకో."

రెండో బిడ్డ ఇంకో చేతిలోకి వచ్చాడు. ఉరిమింది. ఎద్దులు బెదిరి లాగాయి. పగ్గాలు జారాయి. తెర మీద ఆకాశం, ఇసక, కొమ్ములు, పగ్గం పట్టుకున్న చెయ్యి, అన్నీ గిరగిరా తిరిగాయి. బండి నిలిచింది. చూపు ఒళ్లోకి దిగింది. ఒకే కండువాలో పక్కపక్కన ఇద్దరు.

చూపు ఒకడి మీద నిలిచింది. రెండోవాడి మీదికి పోయింది. మళ్లీ మొదటివాడి మీదికి వచ్చింది. కాళ్ల వైపు పోయింది. నాలుగు కాళ్లూ ఎర్రగానే ఉన్నాయి. మొహాల మీదికి వచ్చింది. ఎనిమిదిసార్లు అట్లా తిరిగింది. ముందు వరసలో అన్నదమ్ములిద్దరూ కుర్చీల అంచుకు వచ్చేశారు. ఒక చెయ్యి నోట్లోంచి దారం తీసింది. ఈ కాలి దగ్గరికి తీసుకుపోయింది, ఆ కాలి దగ్గరికి తీసుకుపోయింది. చివరికి ఏటి నీళ్లలో పడేసింది.

"దారం సరింగా ఉండాదా?" అని అడిగింది వెనక నుంచి కుప్పమ్మ.

"ఊ."

యాభై రెండేళ్ల నాటి ఆ జ్ఞాపకం మొత్తంలో కొండప్ప పలికింది ఆ ఒక్క మాటే. తెర ఆరిపోయింది.

ఎద్దు నెమరు వేస్తూనే ఉంది. కన్ను పెరుకుతా అన్న మాట విని కళ్లు తుడుచుకున్న ముసలమ్మే మొదట మాట్లాడింది. "పండ్లతో కొరికినా రాకపోయెనే. ఎంత గట్టిగా కట్టిందో ఆ తల్లి. దాన్నా మనం అన్నేసి మాటలన్నింది."

కొండప్ప టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ముడి మంచిదే" అన్నాడు. "మనిషే మంచోడు కాదు. అందురూ ఆమెను అంటా ఉంటే పక్కన నిలబడినా. ఈ పొద్దు వొద్దు, రేపు చెప్దామనుకున్నా. రేపుకు యాభై రెండేండ్లు పట్టె."

అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడగా ఊళ్లో ఎవరూ వినలేదు.  పందిరి కుర్రాడు తల వంచుకుని బయటికి జారుకున్నాడు.

"అయితే మామా" అన్నాడు చెంగల్రాయులు, "మాలో ఎవుడు ఎనక?"

"తెలీదు నాయనా. నిజంగా తెలీదు."

మునిరత్నం వంగి తోడబుట్టినవాడి ఎడమపాదం చూశాడు. "నీ బొటనేలు నల్లగా ఉండాదే. దారం నీకే కట్టుంటారు. నువ్వే ముందు."

"అది చెప్పు కరిచిందిరా. నీ చీలమండ చూసుకో, గాటుండాది."

"అది కుక్క కరిచింది."

అట్లా పొద్దు గూకేదాకా ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు పట్టుకుని చూసుకున్నారు. అన్నదమ్ములు అంత దగ్గరగా కూర్చుని ముప్పై ఏళ్లయిందని ఊరు తర్వాత అనుకుంది. జాతర మరుసటి మంగళవారం జరిగింది. తట్ట ఒకటే, చేతులు నాలుగు. ముందు నడిచినవాడు చిన్నవాడవుతాడని ఇద్దరూ వెనకే నడవాలనుకున్నారు. అది కుదరక, మొహాలు ఎదురెదురుగా పెట్టి వీధి పొడుగునా ఎండ్రకాయల్లా అడ్డంగా నడిచారు. పొయ్యిలన్నీ వెలిగాయి.

కానీ ఆ రోజు బడిలో టోపీ తీసిన తర్వాత ఇంకో సంగతి జరిగింది. డాక్టరు కొండప్ప పక్కన చేరి గట్టిగా చెప్పింది. "తాతా, ఇప్పటి నుంచి ఆరు గంటలు పచ్చికుండ. ఎవరితోనూ ఈ మాట మాట్లాడకండి. ఎవరు చెప్పినా వినకండి. ఇంటికెళ్లి తలుపేసుకుని పడుకోండి."

మాట్లాడకపోవడం కొండప్పకు కష్టం కాదు. గడప దాటాడో లేదో వెనక నుంచి నాగరత్నమ్మ అందుకుంది.

"ఏం కొండప్పా, అంత గట్టిగా కట్టొద్దు కుప్పమ్మా అని నేను ఆ పొద్దే చెప్పినా గదా."

కొండప్ప నడక పెంచాడు.

"నువ్వు దారం విప్పేటప్పుడు ఎనక నుంచి వొద్దు వొద్దు అని చెయ్యి గూడా ఊపినా. నువ్వు చూసుండవు, ముందరికి తిరిగుంటివి."

"అమ్మణ్ణీ, నువ్వు కాళాస్తిరిలో ఉండావు" అన్నాడు కొండప్ప చెవులు రెండూ మూసుకుని. అతని జన్మలో ఒక ఆడమనిషితో వాదించడం అదే మొదలు. ఎనభై ఏళ్ల మనిషి పరుగు లాంటిది కూడా అందుకున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఏటి ఇసక ఎంత వేడిగా ఉండిందో, ఎడమవైపు ఎద్దు ఎట్లా మొరాయించిందో చెబుతూ ఇంటి వాకిలి దాకా వచ్చింది. తలుపేసుకుంటే కిటికీ దగ్గర కూర్చుంది. గొడ్డలి అందుకుందామంటే అది వాకిట్లో, ఆమె పక్కన ఉంది.

నలభై రోజుల తర్వాత డాక్టరు అతన్ని పట్నంలో తన పరిశోధనశాలకు పిలిపించింది. రెండోసారి తీస్తే ఎంత మిగిలిందో కొలుచుకోవాలట. ఈసారి ఎద్దు అక్కర్లేకపోయింది. కందెన డబ్బా మూత తీయగానే తెర వెలిగింది. వాన, తోకలు, కండువా, చిట్టి పాదం. కుప్పమ్మ గొంతు కొంచెం దూరం నుంచి వస్తోంది. కళ్లు తెరిచే తలుచుకోవడం డాక్టరు నేర్పింది గనక కొండప్ప తెరనే చూస్తున్నాడు. చూస్తూ ఉండగా చూపు, ఆ రోజు ఎంతమాత్రం తిరగని చూపు, మెల్లగా వెనక్కి తిరిగింది.

బండి వెనకభాగంలో ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని నాగరత్నమ్మ కూర్చుని ఉంది. వానలో తడవకుండా, చేతులూపుతూ, ఎక్కడా ఆపకుండా మాట్లాడుతోంది. కుప్పమ్మ మోకాళ్ల మీద కూర్చుని చేతులు కడుక్కుంటూ ఆమె మాటకు నవ్వుతోంది.

డాక్టరు తల దించుకుంది. ఆమె అనుకున్నది అక్షరాలా రుజువైంది. దానికి సంతోషించాలో లేదో ఆమెకు తెలియలేదు.

"ఆమెను దించేదానికి ఏమన్నా ఉపాయముండాదామ్మా?" అన్నాడు కొండప్ప.

"లేదు తాతా. నన్ను క్షమించండి."

కొండప్ప చాలాసేపు తెర చూశాడు. నలభై ఏళ్ల పైచిలుకు కాపురంలో కుప్పమ్మ ఎన్ని మాటలు తనతో మొదలుపెట్టిందో, "ఊ" తప్ప బదులు రాక ఎన్ని మాటలు సగంలో ఆపేసిందో అతనికి తెలుసు. వెనక కూర్చున్న మనిషి నోటికి అడ్డూ ఆపూ లేదు. కుప్పమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

"పోనీలేమ్మా" అన్నాడు. "మంచి ఎద్దులవి. ఇంకో మనిషిని మోస్తాయి."